రీస్టోర్‌కు ముందు పొంగు లెక్క చూసుకోండి

మొన్న దసరా సెలవుల్లో, అష్టమి రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది. ఒక కాలేజీలో సర్వర్లు చూసుకునే కుర్రాడు. పాత సర్వర్ బ్యాకప్‌ను కొత్త సర్వర్‌లోకి తిరిగి ఎక్కించే పనిలో, అంటే రీస్టోర్‌లో ఉన్నాడు. "అన్నా, డిస్క్ నిండిపోయింది. చెరపగలిగినవన్నీ చెరిపేశాను, ఇంకా చాలట్లేదు" అన్నాడు. డిస్క్ నిండడం మామూలే. ఆ రెండో మాటకే నా నిద్ర ఎగిరిపోయింది.

ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. మన ఆఫీసుల్లో సర్వర్ మార్పులన్నీ ఈ సెలవులకే పెట్టుకుంటారు. అందరూ ఊళ్లకు పోతారు, సైట్ ఆగినా అడిగేవాడుండడు, ఒక్కడు మాత్రం ఏసీ గదిలో మిగులుతాడు. ఆ ఒక్కడి కోసం రాస్తున్నాను. బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి, ఖాళీ ఎంతుందో చూసుకోండి అని చెప్పను. అవి ఆ కుర్రాడికీ తెలుసు. చూసుకునే మొదలుపెట్టాడు.

అతని లెక్క ఇది. ఆర్కైవ్, అంటే కుదించి ఒకే ఫైలుగా కట్టిన బ్యాకప్, సైజు 38 జీబీ. పాత సర్వర్‌లో డేటాబేస్ 180 జీబీ, విద్యార్థుల సర్టిఫికెట్ల స్కాన్లు 20 జీబీ, మొత్తం 200. కొత్త డిస్క్‌లో ఖాళీ 400. రెట్టింపు ఉంది కదా అని సప్తమి సాయంత్రం పని మొదలుపెట్టి ఇంటికెళ్లాడు.

గిన్నె పెట్టేటప్పుడు మా అమ్మ బియ్యం చూడదు, ఉడికాక అన్నం ఎంతవుతుందో కూడా చూడదు. పొంగు వచ్చినప్పుడు ఎక్కడిదాకా లేస్తుందో చూస్తుంది. రీస్టోర్‌కూ అంతే. మొదట ఆర్కైవ్ ఎంత, చివరికి డేటా ఎంత అన్నవి రెండూ తప్పు ప్రశ్నలే. మధ్యలో ఒకేసారి డిస్క్ మీద ఎంత ఉంటుంది? దాన్నే నేను పొంగు అంటాను.

అతని డిస్క్ మీద ఏం జరిగిందో చూడండి. ఆర్కైవ్‌ను ఆ డిస్క్ మీదికే కాపీ చేశాడు: 38. విప్పితే స్కాన్లు 20, డేటాబేస్ డంప్ (డేటాబేస్‌ను అక్షరాల్లో రాసిపెట్టిన ఫైలు) 140. స్కాన్లు జేపీజీలు కాబట్టి కుదించినా తగ్గవు, డంప్ మాత్రం ఉత్త అక్షరాలు కాబట్టి ఏడెనిమిది రెట్లు ఉబ్బింది. అప్పటికి 198. తర్వాత డంప్‌ను మైసీక్వెల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం మొదలైంది. అందులో డేటా 110, ఇండెక్సులు (త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచికలు) 70. అంటే 378. ఇంతవరకైనా 400లో పట్టేదే. కానీ మైసీక్వెల్ 8లో బైనరీ లాగ్, అంటే జరిగిన మార్పులన్నీ రాసుకునే చిట్టా, మనం ఆపకపోతే ఆన్‌లోనే ఉంటుంది. ఎక్కిన ప్రతి వరుసా అందులోకీ వెళ్తుంది, మామూలుగా 30 రోజులు అక్కడే ఉంటుంది. అది ఇంకో 110. పొంగు 488.

చివరికి 200 అయ్యేదానికి మధ్యలో 488 కావాలి. పని డెబ్బై శాతం దగ్గర ఆగిపోయింది.

ఇక్కడిదాకా ఏమీ పోలేదు. ఎక్కించినదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెడితే సరిపోయేది. కానీ అతను చోటు కోసం ముందు ఆర్కైవ్ చెరిపాడు, విప్పేశాం కదా అని. 38 వచ్చింది, అదీ నిండింది. గంట తర్వాత స్కాన్ల ఫోల్డర్ చెరిపాడు, ఆర్కైవ్‌లో ఉన్నాయి కదా అని. ఆర్కైవ్ గంట కిందటే పోయిందని రాత్రి పన్నెండింటికి గుర్తు రాలేదు. పాత సర్వర్ అద్దె గడువు అంతకుముందు రోజే అయిపోయింది. బయట ఉన్న ఇంకో కాపీ మూడు నెలల కిందటిది. ఆ తర్వాత చేరినవాళ్ల సర్టిఫికెట్లు ఆఫీసు కౌంటర్ దగ్గర మళ్లీ అడిగి తీసుకుంటున్నారు.

చిన్న ఆఫీసు గోల అనుకోకండి. 2023 ఆగస్టు చివర్లో జపాన్‌లో టయోటా ఫ్యాక్టరీలు పద్నాలుగూ ఆగిపోయాయి. మెయింటెనెన్స్‌లో డేటాబేస్ డేటా సర్దుతుంటే మధ్యలో డిస్క్ చాలలేదు. బ్యాకప్ సర్వర్ కూడా అదే సిస్టమ్ మీద ఉండడంతో దానికీ అదే గతి పట్టింది. ఎక్కువ చోటున్న సర్వర్‌కు డేటా తరలించాకే లైన్లు కదిలాయి. అక్కడా మింగింది పొంగే.

కాబట్టి ముందు కాగితం మీద రాయండి: ఆర్కైవ్, విప్పినది, డేటా, ఇండెక్సులు, లాగ్, టెంప్ (పని మధ్యలో పుట్టే తాత్కాలిక ఫైళ్లు). అన్నీ ఒకేసారి ఉంటాయనుకుని కూడండి. పైన ఇరవై శాతం కలపండి. ఆ తర్వాతే తగ్గించే దారులు చూడండి. ఆర్కైవ్ వేరే డిస్క్ మీద ఉంటే 38 పోతుంది. డంప్‌ను ఫైలుగా విప్పకుండా పైపులో, అంటే ఒక ప్రోగ్రామ్ ఇచ్చేది ఇంకోటి అప్పటికప్పుడే అందుకునేలా, నేరుగా డేటాబేస్‌లోకి పంపితే 140 పోతుంది. ఆ కుర్రాడు ఈ రెండూ చేసి ఉంటే 310తో అయిపోయేది. ఆ సెషన్‌కు బైనరీ లాగ్ ఆపితే ఇంకో 110 కూడా తగ్గుతుంది. రెప్లికా (ఈ డేటాబేస్‌కు జంటగా నడిచే నకలు సర్వర్) ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు, అది ఆ లాగ్ చదివే బతుకుతుంది.

విప్పితే ఎంతవుతుందో, ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్ జీజిప్‌ను అడిగి నమ్మకండి. ఆ ఫైలు చివర అసలు సైజు రాసుకోవడానికి నాలుగు బైట్లే ఉంటాయి. 4 జీబీ దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2022లో వచ్చిన 1.12 కంటే పాత వెర్షన్ అయితే 9 జీబీ ఫైలును 1 జీబీ అని చూపిస్తుంది. జీక్యాట్ ఆదేశంతో విప్పి పైపులో డబ్ల్యూసీ ఆదేశానికి ఇచ్చి బైట్లు లెక్కపెట్టించండి. టైమ్ పడుతుంది, కానీ డిస్క్ మీద ఒక్క బైటూ పడదు.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డంప్‌లో ఇండెక్సులు ఉండవు, వాటిని కట్టే ఆదేశాలే ఉంటాయి. డంప్ సైజు చూసి మోసపోకండి. ఇండెక్స్ కట్టేటప్పుడు సార్టింగ్‌కు టెంప్ ఫైళ్లు కూడా పడతాయి.

చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే జీబీలు చూసి లాభం లేదు, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు డిస్క్ మీద ఒక్కోటి పట్టే నమోదు గడులు) చూడండి. లినక్స్ డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తారు. 50 జీబీ పార్టిషన్‌కు సుమారు 33 లక్షలు. అవి అయిపోతే సగం డిస్క్ ఖాళీగా ఉన్నా "నో స్పేస్" అనే వస్తుంది. పైగా 1 కేబీ ఫైలు కూడా 4 కేబీ తింటుంది.

1 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీయే కనిపిస్తుంది. లెక్క 931తో వేయండి.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దాని మీదికి ఎక్కదు. ముందే చూసుకోండి.

వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) డిస్కులుంటే, లోపల ఖాళీగా ఉన్న భాగం కూడా నిజంగా చోటు తినొచ్చు. పూర్తి సైజే లెక్కలో వేయండి.

టెంప్ ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. చాలాచోట్ల అది డిస్క్ మీద కాదు, మెమరీలో ఉంటుంది.

లైవ్‌లో నడుస్తున్న డేటాబేస్ ఉన్న డిస్క్ మీద రీస్టోర్ పెట్టొద్దు.

పెట్టి ఇంటికెళ్లొద్దు. మొదటి గంట కూర్చుని ఎంత వేగంగా నిండుతోందో చూడండి.

చెరిపినా చోటు రాకపోతే ఇంకోటి చెరపకండి. ఆ ఫైలును ఏదో ప్రాసెస్ పట్టుకుని ఉంటుంది. ముందు దాన్ని ఆపండి.

డిస్క్ నిండితే చెరపకండి. ఆపండి.

ఆర్కైవ్ చెరపకండి.

ఆర్కైవ్‌లో ఉంది కదా అని ఏదీ చెరపకండి. ఆర్కైవ్ ఉందో లేదో ముందు చూడండి.

రాత్రి పదకొండు దాటితే ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్ ఆదేశం కొట్టొద్దు. డిస్క్ పెంచండి, లేదా పొద్దున్నదాకా ఆగండి.

పాత సర్వర్‌కు ఇంకో నెల అద్దె కట్టండి.