వానాకాలంలో దాణా బస్తా విప్పే ముందు జాగ్రత్తలు

• కొనేటప్పుడే బస్తా మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. పైన పొడిగానే కనిపిస్తుంది. లోపల వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా ధర చూసి ఆశపడకండి.

• వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్న... ముందు అనుమానించాల్సింది వీటినే. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వీటిలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఇలాంటి వేరుశనగ చెక్క తినే.

• బూజు దులిపేసి, కాసేపు ఎండలో పెట్టి వేసేయడం చాలామందికి అలవాటు. బూజు పోయినా విషం మిగిలే ఉంటుంది. ఉడకబెట్టినా అంతే.

• పాడి గేదెల విషయంలో ఇంకా జాగ్రత్త. తిన్న విషంలో కొంత అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. మన దేశంలో పాలకు అనుమతించిన పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. అంటే ఆ బస్తా టెన్షన్ పశువుది మాత్రమే కాదు, మన ఇంట్లో పిల్లలది కూడా.

• బాతు పిల్లలకు అనుమానం ఉన్న దాణా అసలు వద్దు. కొంచెం విషానికే చచ్చిపోతాయి.

• మొక్కజొన్నను బాగా ఎండాకే నిల్వ చేయండి. తేమ 13 శాతం దాటకూడదు. బస్తాలు నేలకు, గోడకు తగలకూడదు.

• తడిసి నల్లబడిన వరిగడ్డినీ వదిలేయండి. అది తిన్న గేదెలకు తోక, చెవుల కొనలు, కాళ్ల చివర్లు కుళ్లే డెగ్నాలా జబ్బు రావచ్చు.

• మేత తగ్గినా, పాలు పడిపోయినా ఆ బస్తా ఆపేయండి. నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం దాణా తీసి, కాగితం సంచిలో పశువైద్యుడికి చూపించండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి బూజు పెరుగుతుంది.