ఫైబర్ పడవ రిపేరు పని మొదలెట్టే ముందు ఇవి చూస్కోండి

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కదా, ఆ 61 రోజుల్లోనే పని పెట్టుకోండి, వానలు మొదలైతే రెజిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు) సరిగ్గా పట్టదు.

- ముందు మంచినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి, మన యానాం, భైరవపాలెం వైపు ఉప్పు గాలికి పైకి ఆరినట్టే ఉంటాది గానీ లోపల చెమ్మ ఉండిపోద్ది, దాని మీద వేసిన మ్యాట్ (ఫైబర్ గాజు పీచు గుడ్డ) పొరలా ఊడొచ్చేద్ది.
- కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడ్డానికి వేసే మందు), క్యాటలిస్ట్ (దాన్ని గట్టిపరిచే మందు) రెండూ నేరుగా కలపొద్దండి బాబూ, పేలుద్ది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిసాకే క్యాటలిస్ట్, అదీ 1-2 శాతమే. కంట్లో పడితే చూపు పోద్ది, కళ్ళజోడు ఉండాల్సిందే, మా బావ నవ్వుతాడనుకోండి.
- గ్రైండింగ్‌కి మంచి మాస్క్, తువ్వాలు చాలదు.
- బీడీలు దూరంగా.
- పెద్ద ఇంజిన్ పెడదామనుకుంటే పడవ వెనక ఇంజిన్ బిగించే చెక్కని సుత్తితో కొట్టి చూడండి, మెత్తగా మోగితే పుచ్చినట్టే.