28 మసకగా వస్తోందా? 35 కొనే ముందు ఓడను చూడండి

"28 మి.మీ. లెన్స్ మసకగా వస్తోంది, అమ్మేసి 35 కొందామా?" వైజాగ్‌లో రేంజ్‌ఫైండర్ కెమెరా (ఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ చేసేది) మెడలో వేసుకుని తిరిగేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటాం, అయినా ఈ ప్రశ్న మాత్రం ఆగదు. ఫొక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 28 ఎఫ్3.5, 35 ఎఫ్2.5 లెన్స్‌లు, స్క్రూ మౌంట్‌వి (మరలా తిప్పి బిగించేవి), రెండూ చిన్నవే, రెండూ మంచివే. లైకా ఎం కెమెరాకి అడాప్టర్ రింగ్‌తో బిగిస్తారు. ఆ రింగ్‌ని ఎవరూ చూడరు!

సమస్య: ఎఫ్8లో (లెన్స్ కన్ను చిన్నది చేస్తే) బాగుంది, పూర్తిగా తెరిస్తే దూరమంతా మసక

సాయంత్రం నాలుగింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లండి (పొద్దున్నయితే సూర్యుడు ఎదురుగా కళ్లలో కొడతాడు). పోర్టులోకి పిలుపు కోసం ఎదురుచూస్తూ దూరంగా ఆగి ఉన్న ఓడ ఒకటి దొరుకుతుంది, లేకపోతే డాల్ఫిన్స్ నోస్ కొండ ఉండనే ఉంది. అడాప్టర్ అక్కర్లేని ఎం లెన్స్ పెట్టి, దాని ఫోకస్ రింగ్‌ని ఇన్ఫినిటీకి (అనంత దూరానికి) తిప్పి, ప్యాచ్‌లో (ఫైండర్ మధ్య ఉండే చిన్న గడిలో) ఓడ రెండు బొమ్మలూ ఒకటయ్యాయా చూడండి. కాకపోతే కెమెరా సర్దుబాటు తప్పింది, మెకానిక్ పని. అక్కడ కలిసి, అడాప్టర్‌తో పెట్టిన 28లో కలవకపోతే దొంగ దొరికినట్టే.

స్క్రూ మౌంట్‌లో లెన్స్ కూర్చునే చోటు నుంచి ఫిల్మ్‌కి 28.8 మి.మీ., ఎం మౌంట్‌లో 27.8. కాబట్టి రింగ్ అంచు మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి. పదో వంతు మి.మీ. ఎక్కువైందా, 28ని ఇన్ఫినిటీలో పెట్టినా అది నిజంగా ఫోకస్ అయ్యేది దాదాపు 8 మీటర్ల దగ్గర. 35 అయితే 12, 50 అయితే 25.

నేను మోసపోయింది ఇక్కడే. అదే రింగ్‌తో నా 50 బ్లేడులా వస్తోంది, కాబట్టి రింగ్ బాగానే ఉందనుకున్నాను. తీరా చూస్తే, 50లో లెన్సూ, రేంజ్‌ఫైండర్‌ని నెట్టే కామూ దాదాపు సమానంగా కదులుతాయి, ప్యాచ్ కలిపామంటే రింగ్ తప్పు తనంతట తనే సర్దుకుంటుంది. 28లో కామ్ మూడు రెట్లకు పైగా కదిలితే గానీ లెన్స్ అంత కదలదు, అందుకే ప్యాచ్ కలిపినా తప్పులో మూడో వంతు కూడా సర్దుకోదు. 35లో సుమారు సగం. అంటే 28 అమ్మి 35 కొంటే, ప్యాచ్ కలిపి దగ్గరివి అదే ఎఫ్ నంబర్‌లో తీసినప్పుడు మసక కాస్త తగ్గుతుంది, మనం "చూశావా, లెన్సే తేడా" అని సంబరపడతాం. నేనూ పడ్డాను, డబ్బులు పోగొట్టుకుని మరీ.

పరిష్కారం: ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ల దగ్గర మైక్రోమీటర్ ఉంటుంది, రింగ్ అంచుని నాలుగు చోట్ల కొలిపించండి. తేడా ఉంటే పారేసి మంచిది కొనండి. ఆకురాయితో అరగదీయడం, కాగితం ముక్క పెట్టడం వద్దు.

సమస్య: ఫ్రేమ్‌లో లేనివన్నీ ఫొటోలో పడుతున్నాయి

ఫైండర్‌లో ఏ లెన్స్ ఫ్రేమ్ గీతలు కనిపించాలో నిర్ణయించేది కూడా అడాప్టర్ రింగే. 50 కోసం చేసిన రింగ్‌ని 28కి వేశారు. 28కి 28/90 రింగ్, 35కి 35/135 రింగ్. అంతే.

మిగతావి: మన ఉప్పుగాలికి లోపల పొగలా పట్టిందేమో ఫోన్ టార్చ్ వేసి చూడండి. డిజిటల్‌లో అంచులు గులాబీ రంగుకి తిరిగితే అది సెన్సర్ గొడవ. లోపలి గాజు పక్కకి జరగడం అరుదు, చివరికి చూసుకోవచ్చు.

రింగ్ సరిగా ఉన్నాక కూడా ఏది కొనాలని అడిగితే, కళ్లజోడు ఉన్నవాళ్లు 35 తీసుకోండి. 0.72 ఫైండర్‌లో (ఎదుటిది 0.72 రెట్ల సైజులో చూపించేది) 28 గీతలు జోడుతో మొత్తం కనిపించవు, తల అటూ ఇటూ తిప్పుతుంటే ఎదుటి మనిషి వెళ్లిపోతాడు.