పేరెంట్ క్లాస్‌లో రాసిన చెకింగ్ చైల్డ్ క్లాస్‌లో ఎందుకు పని చేయడం లేదు?

ఒక కిరాణా కొట్టుకి పైథాన్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. వారం తిరగకుండానే ఒక బిల్లులో కందిపప్పు ధర మైనస్ 160 అని పడింది. ధర సున్నా కంటే తగ్గకూడదని 'సరుకు' అనే పేరెంట్ క్లాస్‌లో చెకింగ్ నేనే పెట్టాను. కందిపప్పు 'తూకం_సరుకు' అనే చైల్డ్ క్లాస్‌ది. పేరెంట్‌లో ఉన్నది చైల్డ్‌కి దానంతటదే వస్తుందనుకున్నాను. వస్తుంది కూడా. కానీ మనకి తెలియకుండా మనమే దాన్ని అడ్డుకునే దారులు చాలా ఉన్నాయి. అవి తెలియక రెండు రాత్రులు పోయాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

ఇక్కడ పేర్లన్నీ తెలుగులోనే ఇస్తున్నాను. పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది. గెట్టర్, సూపర్, సెల్ఫ్ లాంటి పైథాన్ సొంత మాటలను మాత్రం కోడ్‌లో ఇంగ్లీషులోనే (getter, super, self) రాయాలి. పేరెంట్‌లో 'ధర' ఒక ప్రాపర్టీ, అంటే బయటికి మామూలు విలువలా కనిపించినా లోపల ఫంక్షన్లు నడిచేది. దానికి గెట్టర్ (విలువ చదివేది), సెట్టర్ (విలువ పెట్టేది) రెండూ ఉన్నాయి. సెట్టర్ విలువను చూసి, బాగుంటే ఆబ్జెక్ట్‌లో '_ధర' అనే పేరుతో దాస్తుంది.

ముందు చేయాల్సిన పరీక్ష

కోడ్ మార్చకముందే, తేడాగా ఉన్న ఆబ్జెక్ట్‌ని 'వార్స్' (vars) ఫంక్షన్‌కి ఇచ్చి ప్రింట్ చేయండి. ఆ ఆబ్జెక్ట్ తన దగ్గర ఏ పేర్లు పెట్టుకుందో కనిపిస్తుంది. తప్పు విలువ 'ధర' అనే పేరు కింద ఉంటే సెట్టర్ అసలు నడవలేదు, ప్రాపర్టీని ఏదో కప్పేసింది. '_ధర' కింద ఉంటే ప్రాపర్టీ బాగానే ఉంది, విలువ మాత్రం పక్కదారిన వచ్చింది, లేదా మీరు అనుకున్న చెక్ నడవలేదు. పేరు ముందున్న ఈ ఒక్క గీత (అండర్‌స్కోర్) తేడాతో సగం వెతుకులాట తప్పుతుంది.

ఎర్రర్ రాదు, తప్పు విలువ 'ధర' కింద కూర్చుంటుంది

నా కందిపప్పు సంగతి ఇదే. చైల్డ్ క్లాస్ మొదట్లో, డిఫాల్ట్‌గా ఉంటుందని 'ధర = 0' అని ఒక లైను రాశాను. ఆబ్జెక్ట్‌లో ధర పెట్టమన్నప్పుడు పైథాన్ ముందు క్లాసుల్లో ఆ పేరు వెతుకుతుంది. చైల్డ్‌తో మొదలుపెట్టి పైకి వెళ్తుంది. చైల్డ్‌లోనే 'ధర' దొరికింది, అది ఉత్త సున్నా, దానికి సెట్టర్ లేదు. ఇక పేరెంట్ దాకా వెళ్లకుండా విలువను నేరుగా ఆబ్జెక్ట్‌లో రాసేసింది. నా చెకింగ్ పైన చెక్కుచెదరకుండా ఉంది, దాని దగ్గరికి ఎవరూ రాలేదు.

పరిష్కారం: ఆ లైను తీసేయండి. డిఫాల్ట్ కావాలంటే చైల్డ్ ఇనిట్‌లో (ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే __init__ మెథడ్) పారామీటర్‌కి ఇచ్చి, సూపర్ (పేరెంట్‌లో ఉన్నదాన్ని పిలిచే super) ద్వారా పేరెంట్ ఇనిట్‌కి పంపండి. మామూలు క్లాసులో విలువ ఇవ్వకుండా టైప్ మాత్రం రాసిన లైను వల్ల నష్టం లేదు. బరాబర్ గుర్తు పెడితేనే ప్రాపర్టీ కప్పబడిపోతుంది.

'సెట్టర్ లేదు' అని ఎర్రర్

చైల్డ్‌లో ధరను వేరేగా చూపించాలని గెట్టర్ ఒక్కటే మళ్లీ రాసి ఉంటారు. ప్రాపర్టీ అంటే గెట్టర్, సెట్టర్ కలిపి ఒకే ముద్ద. చైల్డ్‌లో ప్రాపర్టీ డెకరేటర్ (ఫంక్షన్ పైన రాసే @property లైను) పెట్టగానే సెట్టర్ లేని కొత్త ముద్ద తయారవుతుంది. దాని బదులు డెకరేటర్‌ని '@సరుకు.ధర.గెట్టర్' అని రాయండి. పేరెంట్ ప్రాపర్టీకి నకలు తయారై అందులో గెట్టర్ మాత్రమే మారుతుంది, చెకింగ్ ఉన్న సెట్టర్ అలాగే ఉంటుంది.

సూపర్‌తో విలువ పెట్టబోతే ఎర్రర్

చైల్డ్ సెట్టర్‌లో 'సూపర్().ధర = విలువ' అని రాయడం అందరికీ తోచేదే. 'సూపర్ ఆబ్జెక్ట్‌కి ఆ అట్రిబ్యూట్ (ఆబ్జెక్ట్‌కి ఉండే పేరు) లేదు' అని ఎర్రర్ వస్తుంది. అదే ధరను సూపర్ ద్వారా చదివితే వస్తుంది! అందుకే అయోమయం. చదివేటప్పుడు సూపర్ పేరెంట్‌లో వెతికిపెడుతుంది కానీ, రాసేటప్పుడు పేరెంట్ సెట్టర్‌ని పిలవదు. వెంటనే పని జరగాలంటే 'సరుకు.ధర.ఎఫ్‌సెట్(సెల్ఫ్, విలువ)' అని (ఎఫ్‌సెట్ అంటే fset) పేరెంట్ సెట్టర్‌ని నేరుగా పిలవండి. పేరెంట్ పేరు కోడ్‌లో పాతుకుపోతుంది కాబట్టి ఇద్దరు పేరెంట్లు ఉన్నచోట ఇది ఇబ్బంది పెడుతుంది. అలాంటి చోట కింద చెప్పే పద్ధతే మేలు.

చైల్డ్‌లో రాసిన కొత్త చెక్ నడవదు

దీనికి రెండు కారణాలు చూశాను. ఒకటి, చెక్ చేసే మెథడ్ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు ఉండటం. అలాంటి పేరుకి పైథాన్ ఆ క్లాస్ పేరు తగిలించి మార్చేస్తుంది. చైల్డ్‌లో మీరు రాసింది వేరే పేరుతో ఉండిపోతుంది, పేరెంట్ తన దాన్నే పిలుచుకుంటుంది. ఒక్క అండర్‌స్కోర్ చాలు. రెండోది, చెకింగ్ అంతా పేరెంట్ సెట్టర్ ఫంక్షన్‌లోనే ఉండటం. ప్రాపర్టీ తయారైన రోజు ఏ ఫంక్షన్ ఇచ్చారో దాన్నే పట్టుకుని ఉంటుంది. అదే పేరుతో చైల్డ్‌లో మామూలు ఫంక్షన్ రాస్తే ప్రాపర్టీకి తెలియదు.

నేను ఇప్పుడు వాడుతున్న పద్ధతి

ప్రాపర్టీని పేరెంట్‌లో ఒక్కసారే రాసి, చైల్డ్‌లో దాన్ని ముట్టుకోను. సెట్టర్‌లో చెకింగ్ ఉండదు. అది 'సెల్ఫ్._ధర_చూడు(విలువ)' అని పిలిచి, తిరిగొచ్చిన విలువను '_ధర'లో దాస్తుంది, అంతే. '_ధర_చూడు' మామూలు మెథడ్. చైల్డ్ దాన్ని తిరగరాసుకోవచ్చు, మొదటి లైనులో 'సూపర్()._ధర_చూడు(విలువ)' అని పిలిచి ఆ తర్వాత తన షరతు చేర్చుకోవచ్చు. ఎన్ని తరాలు దిగినా గొలుసు తెగదు.

ఇందులో ఒక గుంట ఉంది. పేరెంట్ ఇనిట్ ధర పెట్టగానే చైల్డ్ చెక్ నడుస్తుంది. ఆ చెక్‌కి 'కనిష్ఠ_ధర' లాంటి చైల్డ్ అట్రిబ్యూట్ కావాలనుకోండి, అది అప్పటికి పుట్టి ఉండదు, అట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. 'సెల్ఫ్.కనిష్ఠ_ధర'ని ముందు పెట్టి, తర్వాత సూపర్ ఇనిట్‌ని పిలవండి. పైథాన్ దీనికి అడ్డు చెప్పదు.

చైల్డ్‌లో షరతు బిగించే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ ముందుకు తెచ్చిన సూత్రం ప్రకారం, పేరెంట్‌ని వాడే కోడ్‌కి చైల్డ్‌ని ఇచ్చినా అది అలాగే నడవాలి. పేరెంట్ 5 రూపాయల ధరను ఒప్పుకుని చైల్డ్ కాదంటే, సరుకులన్నిటికీ ఒకేసారి ధర మార్చే లూప్ మధ్యలో ఆగిపోతుంది. అలాంటి షరతుకి క్లాస్ మార్చడం కంటే బిల్లు వేసే చోట చూసుకోవడం నయమని నా అభిప్రాయం.

'_ధర' కింద తప్పు విలువ ఉంటే

ఎవరో 'సెల్ఫ్._ధర' అని నేరుగా రాశారు. ఎక్కువగా అది ఇనిట్‌లోనే దొరుకుతుంది, పేరెంట్ ఇనిట్‌లో కూడా. ఇనిట్‌లో గీత లేకుండా 'సెల్ఫ్.ధర' అని రాస్తేనే సెట్టర్ గుండా వెళ్తుంది. అక్కడ అంతా సరిగ్గా ఉంటే చెక్‌నే చూడండి. 'సున్నా కంటే తక్కువైతే ఎర్రర్' అని రాసిన చోట నాన్ (NaN, 'సంఖ్య కాదు' అని అర్థం) అనే ఫ్లోట్ విలువ జారిపోతుంది, ఎందుకంటే దాన్ని దేనితో పోల్చి 'తక్కువా' అన్నా జవాబు ఫాల్స్. 'సున్నా లేదా అంతకంటే ఎక్కువ కాకపోతే ఎర్రర్' అని తిప్పి రాయండి.

డేటాక్లాస్ (ఇనిట్‌ని పైథానే రాసిపెట్టే క్లాస్) వాడేవారు చెకింగ్‌ని పోస్ట్ ఇనిట్‌లో (ఆ ఇనిట్ అవ్వగానే నడిచే __post_init__ మెథడ్) పెడతారు. చైల్డ్ తన పోస్ట్ ఇనిట్ రాసుకుంటే పేరెంట్‌ది నడవదు, సూపర్‌తో పిలవాలి. పైగా అది ఆబ్జెక్ట్ పుట్టినప్పుడే నడుస్తుంది, తర్వాత విలువ మారిస్తే పట్టించుకోదు. డేటాను చెక్ చేసే పైడాంటిక్ లైబ్రరీలోనూ 'వాలిడేట్ అసైన్‌మెంట్' (validate_assignment) ఆన్ చేస్తే తప్ప ఇదే పరిస్థితి. ధర, బరువు, పన్ను అని పది అట్రిబ్యూట్లకి ఇలాంటి చెకింగే కావాలంటే పది ప్రాపర్టీలు వద్దు, ఒక డిస్క్రిప్టర్ క్లాస్ (విలువ చదవడం, పెట్టడం ఎలా జరగాలో ఒక్కచోటే రాసి చాలా అట్రిబ్యూట్లకి వాడుకునేది) రాయండి. పైథాన్ 3.6 నుంచి 'సెట్ నేమ్' (__set_name__) మెథడ్ ఉంది కాబట్టి తన పేరేంటో డిస్క్రిప్టర్‌కి దానంతటదే తెలుస్తుంది.

సరిచేశాక ఒక టెస్ట్ రాసి పెట్టుకోండి. ప్రతి చైల్డ్ క్లాస్‌కి మైనస్ 1 ధర ఇచ్చి చూడాలి, ఆబ్జెక్ట్ తయారుచేసేటప్పుడు ఒకసారి, తయారయ్యాక మారుస్తూ ఇంకోసారి. క్లాసుల జాబితా పేరెంట్ మీద 'సబ్‌క్లాసెస్' (__subclasses__) మెథడ్ పిలిస్తే వస్తుంది. కానీ అది నేరుగా పుట్టిన పిల్లలనే ఇస్తుంది, మనవల కోసం ఒక్కో క్లాస్ మీదా మళ్లీ పిలుచుకుంటూ కిందికి దిగాలి.