ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు: పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళను తికమక పెట్టే బగ్‌లు

పైథాన్‌లో ఎర్రర్ వచ్చిందంటే సగం పని అయినట్టే. ఏ లైన్‌లో ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో అదే చెబుతుంది. అసలు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. ప్రోగ్రామ్ చివరిదాకా నడుస్తుంది, ఎక్కడా ఏమీ అనదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది. ఇలాంటప్పుడు కొత్తవాళ్ళు చేసే మొదటి పని ప్రింట్ పెట్టి చూడడం. చాలాసార్లు అక్కడే దారి తప్పుతారు, ఎందుకంటే ప్రింట్ చూపించేదీ లోపల ఉన్నదీ ఒకటి కాకపోవచ్చు. అందుకే ప్రింట్‌తో పాటు టైప్ (విలువ ఏ రకమో చెప్పేది), రెప్ర్ (విలువను లోపల ఉన్నది ఉన్నట్టు చూపించేది) అనే రెండు ఫంక్షన్లు మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కింద కమాండ్ల పేర్లు మనం పలికేలా రాశాను, కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీష్‌లోనే టైప్ చేయాలి. వేరియబుల్ పేర్లు మాత్రం పైథాన్ 3లో తెలుగులో పెట్టినా నడుస్తాయి.

100 మార్కులు వచ్చినవాళ్ళు చివరి ర్యాంకులో ఉన్నారు

ముగ్గురి మార్కులు యూజర్‌ని అడిగి లిస్ట్‌లో వేశారు: 95, 100, 87. మ్యాక్స్ అడిగితే 95 అంటుంది. మిన్ అడిగితే 100 అంటుంది!

ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరసే) ఇస్తుంది, మీరు అంకెలు కొట్టినా సరే. స్ట్రింగులను డిక్షనరీలో పదాలను పేర్చినట్టు మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది కాబట్టి "1"తో మొదలయ్యే "100" అన్నిటికన్నా ముందు వస్తుంది. 5, 3 కూడితే 53 రావడానికి కారణం కూడా ఇదే. ప్రింట్ చేస్తే 95 అనే కనబడుతుంది, కానీ రెప్ర్‌తో చూస్తే కోట్స్‌తో సహా '95' అని బయటపడుతుంది. తీసుకున్న చోటే పూర్ణాంకాలు చేసే ఇంట్‌తో మార్చేయండి. తర్వాత ఎక్కడో మారుద్దాంలే అనుకుంటే ఏదో ఒక చోట మరిచిపోతారు.

షరతు ఎప్పుడూ నిజమే అంటుంది

ఇఫ్ రంగు == "ఎరుపు" ఆర్ "నీలం" అని రాస్తే, రంగు పసుపైనా లోపలికి వెళ్తుంది. పైథాన్ దీన్ని రెండు వేర్వేరు ప్రశ్నలుగా చదువుతుంది: రంగు ఎరుపేనా? లేదా "నీలం" నిజమేనా? ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా పైథాన్ దృష్టిలో నిజమే. రంగు ఇన్ ("ఎరుపు", "నీలం") అని రాస్తే సరిపోతుంది.

ఒక లిస్ట్ మారిస్తే ఇంకోటి కూడా మారిపోయింది

ఇది బాగా అర్థమైతే పైథాన్‌లో సగం భయం పోతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

నిన్న = [12, 15, 9]
నేడు = నిన్న
నేడు[0] = 20

ఇప్పుడు నిన్న ప్రింట్ చేస్తే [20, 15, 9] వస్తుంది. రెండో లైన్‌లో కాపీ జరగలేదు. ఉన్నది ఒకే లిస్ట్, దానికి రెండు పేర్లు పెట్టారంతే, ఇంట్లో పిల్లాడికి ముద్దుపేరు, బడిలో అసలు పేరు ఉన్నట్టు. నేడు ఈజ్ నిన్న అని అడిగితే ట్రూ అంటుంది. విడి కాపీ కావాలంటే నేడు = నిన్న.కాపీ() అని రాయండి. లిస్ట్‌లో లిస్టులుంటే ఇది చాలదు. లోపలి లిస్టులు మళ్ళీ ఉమ్మడిగానే ఉంటాయి, వాటికి కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడాలి.

ఇదే బగ్ ఆటల ప్రోగ్రాముల్లో ఇంకో రూపంలో వస్తుంది:

గళ్ళు = [[0] * 3] * 3
గళ్ళు[0][0] = 1

ఒక గడిలో 1 పెడితే [[1, 0, 0], [1, 0, 0], [1, 0, 0]] అని నిలువు వరస మొత్తం నిండిపోతుంది. బయటి * 3 అనేది కొత్త వరసలు చేయలేదు, ఒకే వరసను మూడుసార్లు చూపించింది. ఫర్ లూప్‌లో ప్రతిసారీ [0] * 3 కొత్తగా చేసి చేర్చండి.

ఫంక్షన్ రాసేటప్పుడు జాబితా=[] అని డిఫాల్ట్ ఇచ్చినా ఇంతే. ఆ ఖాళీ లిస్ట్ ఫంక్షన్‌ని నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. అందుకే రెండో పిలుపులో మొదటి పిలుపులో చేర్చినవి కూడా కనిపిస్తాయి. డిఫాల్ట్‌గా నన్ (ఏమీ లేదు అనే విలువ) ఇచ్చి, లోపల నన్ అయితే కొత్త లిస్ట్ చేయండి. ఇదంతా బొమ్మగా చూడాలంటే పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సైట్‌లో పైన నిన్న, నేడు ఉన్న మూడు లైన్లు వేసి చూడండి. రెండు పేర్ల నుంచి బాణాలు ఒకే పెట్టెకి వెళ్ళడం కళ్ళకు కడుతుంది.

లూప్‌లో తీసేస్తుంటే కొన్ని మిగిలిపోతున్నాయి

[2, 4, 5, 6]లో సరి సంఖ్యలన్నీ రిమూవ్ చేస్తే [4, 5] మిగులుతుంది. 2 పోగానే 4 ముందుకు జరిగి మొదటి స్థానంలోకి వచ్చింది, లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్ళిపోయింది. 4ని అది చూడనే లేదు. నడుస్తున్న లిస్ట్‌లోంచి తీయకండి, ఉంచాల్సినవాటితో కొత్త లిస్ట్ చేసుకోండి.

సార్ట్ చేశాక లిస్ట్ మాయం

మార్కులు = మార్కులు.సార్ట్() అంటే మార్కులు నన్ అయిపోతుంది. సార్ట్ ఉన్న లిస్ట్‌నే సర్దుతుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. ఎడమవైపు భాగం తీసేయండి, లేదా సార్టెడ్ వాడండి.

డబ్బుల లెక్క తేడా

0.1 + 0.2 అంటే 0.30000000000000004 వస్తుంది. చాలా భాషల్లో ఇంతే, దశాంశాలను బైనరీలో దాచేటప్పుడు 0.1 సరిగ్గా పట్టదు. డబ్బైతే పైసల్లో పూర్ణాంకాలుగా దాచడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ వాడితే విలువను కోట్స్‌లో ఇవ్వండి, లేకపోతే పాత తేడా అలాగే లోపలికి వస్తుంది. రౌండ్(2.5) అంటే 2 వస్తుందని కూడా గుర్తుంచుకోండి. సరిగ్గా సగంలో ఉంటే దగ్గరి సరి సంఖ్యకు వెళ్తుంది.

రెండు తెలుగు పేర్లు ఒకేలా ఉన్నా సమానం కావంటోంది

తెలుగు డేటాతో పనిచేసే మనకు ఇది తప్పకుండా తగులుతుంది. హాజరు పట్టీలో "శ్రీకాంత్" ఉంది, ఫారంలో కూడా అదే ఉంది, కానీ == ఫాల్స్ అంటుంది. ముందు పొడవు చెప్పే లెన్ చూడండి. అయితే అది కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టదని గుర్తుంచుకోండి. "తెలుగు"కి 6 వస్తుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తుంది కాబట్టి. పేర్లు రెండిటికీ లెన్ వేర్వేరుగా వస్తే కనిపించని అక్షరమేదో దాక్కుందని అర్థం. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు వెడల్పు లేని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ప్రింట్ దాన్ని చూపించదు, రెప్ర్ మాత్రం బ్యాక్‌స్లాష్, యు, 200సి అని బయటపెడుతుంది.

మామూలు స్ట్రిప్ దీన్ని తీయదు, ఎందుకంటే అది ఖాళీ కింద లెక్కకాదు. స్ట్రిప్‌కి ఆ అక్షరాన్నే ఇచ్చి చివరల్లోది తీసేయండి. మాట మధ్యలో ఉన్నదాన్ని మాత్రం దాచిన డేటాలోంచి తుడిచేయకండి. "రాజ్‌కుమార్" లాంటి పేర్లలో ఒత్తు పడకుండా ఆపేది అదే. పోల్చేటప్పుడు మాత్రం రెండు పేర్లకీ కాపీ తీసి, ఆ కాపీల్లో రీప్లేస్‌తో తీసేసి చూసుకోండి.