కెర్నెల్ ప్యాచ్ వేశారు సరే, మిషన్ రీబూట్ చేశారా?

కడపలో ఒక ల్యాబ్ సర్వర్ పోయిన నెల రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) బారిన పడింది. రిపోర్టులు, బిల్లులు, మిషన్‌కే తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్‌తో సహా అన్నీ లాక్ అయిపోయాయి. అప్‌డేట్లు వేయలేదా అంటే, వేశారు. వాటంతటవే పడుతూనే ఉన్నాయి. కెర్నెల్ అంటే మిషన్ మొత్తాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. బూట్ ఫోల్డర్‌లో కొత్త కెర్నెళ్లు వరసగా ఉన్నాయి. నడుస్తున్నది మాత్రం ఏడాది కిందటి కెర్నెల్. అన్ని రోజులూ ఆ మిషన్‌ను ఎవరూ రీబూట్ చేయలేదు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో కాలేజీలకు, ఆసుపత్రులకు సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది చెబుతున్నాను. అడ్మిషన్లు మొదలైతే మిషన్ ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు, ఈ పని ఇప్పుడే చేయాలి. గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, బ్యాకప్ తీయండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు. ఎక్కువ మంది మునిగేది ఇక్కడే.

బ్రౌజర్‌ను మూసి తెరిస్తే కొత్తది వస్తుంది. కెర్నెల్ అలా కాదు. మిషన్ ఆన్ అయినప్పుడు మెమరీలోకి ఎక్కితే, ఆపేదాకా దిగదు. అప్‌డేట్ చేసేదల్లా కొత్త ఫైలును డిస్క్‌లో పెట్టడమే. కొత్త తాళం కొని బీరువాలో దాచి, తలుపుకు పాత తాళమే వేసి ఉంచితే ఎంత భద్రమో ఇదీ అంతే. ఉబుంటు (ఒక రకం లైనక్స్) సర్వర్‌లో లాగిన్ కాగానే నక్షత్రం గుర్తుల (***) మధ్య "సిస్టమ్ రీస్టార్ట్ రిక్వైర్డ్" అని ఒక లైన్ వస్తుంది. రోజూ కనబడే లైన్ కాబట్టి ఎవరూ చదవరు. దయచేసి చదవండి.

"కెర్నెల్‌లోది లోకల్ బగ్గే కదా, లోపల లాగిన్ అయినవాడికే అందే లోపం, బయటివాడు ఏం చేస్తాడు?" అని చాలామంది అడుగుతారు. బయటివాడు సాధారణంగా కెర్నెల్ దగ్గరికి నేరుగా రాడు. మీ వెబ్‌సైట్‌లో ఫొటో అప్‌లోడ్ చేసే పేజీలో చిన్న లోపం దొరికితే చాలు, ఏ అధికారమూ లేని యూజర్‌గా లోపలికి వస్తాడు. అక్కడి నుంచి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయ్యేది చాలాసార్లు కెర్నెల్ లోపంతోనే. రూట్ అయ్యాక బ్యాకప్ డిస్క్ కూడా వాడిదే. సీవీఈ-2024-1086 అనే నంబర్ ఉన్న లోపం సరిగ్గా ఇలాంటిదే. లైనక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే నెట్‌ఫిల్టర్‌లో ఒకే మెమరీని రెండుసార్లు వదిలేసే తప్పు, 2014 కాలం నుంచి కోడ్‌లో ఉంది. 2024 జనవరిలో సవరణ వచ్చింది, మార్చిలో దాన్ని వాడుకునే కోడ్ అందరికీ దొరికింది. రాన్సమ్‌వేర్ దాడుల్లో దాన్ని వాడుతున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 అక్టోబరు చివర్లో ప్రకటించింది. సవరణ వచ్చి ఏడాదిన్నర దాటినా దొంగలకు ఇంకా అది పనికొస్తోందంటే, పాత కెర్నెళ్లు ఇంకా ఎన్నో చోట్ల నడుస్తున్నట్టే కదా.

విండోస్ వాళ్లూ ధీమాగా ఉండొద్దు. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న విరుచుకుపడింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు దెబ్బతిన్నాయి. ఇంకో సంగతి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, రోజూ సాయంత్రం షట్‌డౌన్ కొట్టినా విండోస్ కెర్నెల్‌ను డిస్క్‌లో దాచి, పొద్దున మళ్లీ దాన్నే పైకి తెస్తుంది. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి.

మరి రీబూట్ ఎందుకు చేయరు? భయం. "బాగానే నడుస్తాంది కదన్నా, ఇప్పుడెందుకు కదిలించేది?" అంటారు ఓనర్లు. ఏడాదిగా ఆపని మిషన్ మళ్లీ లేస్తుందో లేదో అన్న భయం నిజమైనదే. కానీ వాయిదా వేసేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదు. నెలకోసారి రీబూట్ చేసే సర్వర్ తిరిగి లేవకపోతే కారణం ఆ నెలలో జరిగిన మార్పుల్లోనే ఉంటుంది, గంటలో దొరుకుతుంది. ఏడాదికోసారి చేసేదానిలో ఎక్కడని వెతుకుతారు?

లైనక్స్ సర్వర్ రీబూట్‌లో ఎక్కువగా కొంపముంచేవి రెండు. మొదటిది ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైలు, లేచేటప్పుడు ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసి ఉండే జాబితా. ఎప్పుడో బ్యాకప్ కోసం యూఎస్‌బీ డిస్క్ తగిలించి అందులో ఒక లైన్ రాసి ఉంటారు. డిస్క్‌ను ఎవరో పీకేసి ఉంటారు, లైన్ అలాగే ఉంటుంది. రీబూట్ చేయగానే సిస్టమ్ ఆ డిస్క్ కోసం తొంభై సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నెట్‌వర్క్ రాదు, దూరం నుంచి లాగిన్ కాలేరు. ఆ లైన్‌లో ముందే "నోఫెయిల్" (nofail, డిస్క్ లేకపోయినా ఆగొద్దని) అని చేర్చండి, లేదా లైనే తీసేయండి. రెండోది బూట్ పార్టిషన్ నిండిపోవడం. పాత కెర్నెళ్లు పేరుకుపోతే కొత్తది సగమే పడుతుంది, లేచేటప్పుడు కెర్నెల్ ప్యానిక్ వచ్చి మిషన్ ఆగిపోవచ్చు. "డీఎఫ్ -హెచ్" (df -h) కొట్టి ఖాళీ చూడండి, పాతవి తీసేయండి. బాగా పనిచేసిన పాత కెర్నెల్ ఒకటి మాత్రం ఉంచండి, ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అదే ఆదుకుంటుంది.

రెయిడ్ కార్డుకో (డిస్కులను కలిపి నడిపేది) లాన్ కార్డుకో డ్రైవర్ విడిగా డీకేఎంఎస్‌తో వేసి ఉంటే, అది కొత్త కెర్నెల్‌కు సరిపడేలా కంపైల్ అయిందో లేదో "డీకేఎంఎస్ స్టేటస్" (dkms status) కమాండ్ చెబుతుంది. కాకపోతే రీబూట్ ఆపండి.

గాలివాన వచ్చే సాయంత్రాల్లో ఈ పని పెట్టుకోవద్దు. మే నెలలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే చూడండి.

కర్నూలులో కూర్చుని అనంతపురం సర్వర్‌ను రీబూట్ చేయొద్దు. అక్కడ మానిటర్, కీబోర్డ్ తగిలించి ఒక మనిషిని కూర్చోబెట్టండి.

అన్ని మిషన్లూ ఒకే రాత్రి ముట్టుకోవద్దు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పు ఫైలు 85 లక్షల విండోస్ మిషన్లను పడగొట్టింది. ముందు ఒక మిషన్ చేయండి, రెండు రోజులు ఆగి మిగతావి చేయండి.

రీబూట్ అయ్యాక "యునేమ్ -ఆర్" (uname -r) కొట్టండి, నడుస్తున్న కెర్నెల్ నంబర్ చూపిస్తుంది. గ్రబ్‌లో ఎవరో పాత కెర్నెల్‌నే డిఫాల్ట్‌గా పెట్టి ఉంటే రీబూట్ చేసినా పాతదే లేస్తుంది. నంబర్ చూడకుండా ఇంటికి వెళ్లొద్దు.

ఆ నంబర్‌ను మీ డిస్ట్రో (మీరు వాడే లైనక్స్ రకం) ఇచ్చిన భద్రతా ప్రకటనతోనే పోల్చండి. ఉబుంటు, రెడ్‌హ్యాట్ వాళ్లు పాత నంబర్‌లోనే సవరణ కలుపుతారు, అసలు లైనక్స్ నంబర్‌తో పోలిస్తే పొరబడతారు.

డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో (కంటైనర్లలో) నడిపే పద్ధతిలో, ఇమేజ్ అప్‌డేట్ చేస్తే కెర్నెల్ మారదు. కంటైనర్లన్నీ వాడేది కింద ఉన్న మిషన్ కెర్నెల్‌నే. ఆ మిషన్‌ను రీబూట్ చేయాలి.

రీబూట్ లేకుండానే నడుస్తున్న కెర్నెల్‌ను సరిచేసే లైవ్‌ప్యాచ్ ఉందని నిశ్చింతగా ఉండొద్దు. అది తీవ్రమైన లోపాలకే, కొన్నాళ్లకే. రీబూట్ తప్పదు.

సెంటాస్ 7 అనే పాత లైనక్స్‌కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. డబ్బు కట్టి విడిగా సపోర్ట్ తీసుకోకపోతే రీబూట్ చేసినా కొత్త కెర్నెల్ రాదు. మార్చేయండి.

నెలలో ఒక ఆదివారం రాత్రి రీబూట్‌కే ఉంచాలని ఓనర్ చేత రాయించుకోండి. నోటి మాట చాలదు.

దాడి జరిగిపోయిందని అనుమానం వస్తే మాత్రం రీబూట్ చేయొద్దు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, బ్యాకప్ డిస్క్ ముట్టుకోవద్దు, ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయండి. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం కంపెనీలకు అది తప్పనిసరి.