విశాఖ నుంచి చిన్న బృందంతో పాటల టూరుకు బయలుదేరేవాళ్ళకు

మా బృందంలో నేను డప్పు వాయిస్తాను, లెక్కల పుస్తకం కూడా నా చేతిలోనే ఉంటుంది. నలుగురం, సొంత పాటలు, అద్దె వ్యాను. టూరు ప్లాను వేయడానికి కూర్చున్నప్పుడు నేను మొట్టమొదట రాసుకునేది డ్రైవరు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది. కచేరీ తేదీలు దాని కిందే వస్తాయి. కొత్తవాళ్ళకు ఇది విడ్డూరంగా తోస్తుంది. రాత్రి కచేరీ ముగించుకుని వెంటనే దూరప్రయాణానికి హైవే ఎక్కే బృందాలను చూస్తే నాకు అంతకంటే విడ్డూరంగా ఉంటుంది.

ముందు దారి సంగతి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు విజయనగరం, శ్రీకాకుళంతో మొదలుపెట్టండి. మొదటిది 60 కిలోమీటర్లు, రెండోది వందకు కాస్త అటూ ఇటూ. సాయంత్రం వాయించి, భోంచేసి ఇంటికి వచ్చి పడుకోవచ్చు. తర్వాత దక్షిణం వైపు కాకినాడ, రాజమహేంద్రవరం, విజయవాడ ఒకే వరసలో పెట్టుకోండి. కాకినాడకు కత్తిపూడి దగ్గర పెద్ద హైవే వదిలి పక్కకు తిరగాలి. విజయవాడ దాదాపు 350 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరి సాయంత్రం అక్కడ వేదిక ఎక్కితే గాయకుల గొంతులో దుమ్ము, వాద్యకారుల నడుములో నొప్పి తప్ప ఏమీ మిగలదు. రాజమహేంద్రవరంలో ఒక రాత్రి ఆగండి. అరకును మాత్రం ఈ వరసలో ఇరికించకండి. కిలోమీటర్లు తక్కువే అయినా శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మలుపులు సామానునూ మనుషులనూ కూడా కుదిపేస్తాయి. దానికి విడిగా రెండు రోజులు కేటాయించాలి. ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు వెళ్ళేటట్లయితే ఆ రాష్ట్రంలోకి పర్మిట్ ఉందో లేదో బండి మాట్లాడుకునేటప్పుడే అడగండి.

ఏ నెలలో వెళ్ళాలన్నది కూడా ఆలోచించాలి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. వినాయక చవితి, దసరా రోజుల్లో మైక్‌సెట్టు వాళ్ళు ఒక పట్టాన దొరకరు, దొరికినా బేరం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. సంక్రాంతికి బస్సులో, రైల్లో మనిషికే చోటుండదు, ఇక గిటారుకేం ఉంటుంది? నేనైతే సంక్రాంతి వెళ్ళిన రెండు వారాల తర్వాత, పరీక్షలు మొదలుకాకముందు పెట్టుకుంటాను.

రైల్లో వెళ్ళేవాళ్ళు సామాను తూచుకోండి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోలు ఉచితం. టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు కాబట్టి కచేరీ తేదీ ఖాయమైన రోజే చూసుకోవాలి. టికెట్ మీద స్టేషను పేరు రెండుసార్లు చదవండి. కొన్ని రైళ్ళు విశాఖ స్టేషనుకు రాకుండా దువ్వాడలో ఆగి వెళ్ళిపోతాయి. ఆంప్లిఫయరు మోసుకుని గాజువాక దాటి పరుగెత్తడం ఎవరికీ సరదా కాదు. సామర్లకోట, తుని లాంటి చోట్ల రైలు ఆగేది కాసేపే. ఒకరు ముందు దిగి కింద నిలబడాలి, ఒకరు తలుపు దగ్గర నుంచి అందించాలి. ఎవరు ఏ పని చేస్తారో ముందు స్టేషనులోనే అనుకోండి.

మన ఊరి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. గిటారు తీగలు తుప్పు పడతాయి, డప్పు చర్మం మెత్తబడి 'డబ్' మనడం మానేసి 'బొద్' మంటుంది. ఊళ్ళో అయితే మంటకు కాచుకోవచ్చు. ఆడిటోరియంలో మంట పెట్టనివ్వరు కదా, కచేరీ రోజు మధ్యాహ్నం ఎండలో పెట్టుకుని, వేదిక ఎక్కేదాకా పొడి దుప్పటిలో చుట్టి ఉంచుతాను. గిటారు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. గాయని మైకు సొంతంది తీసుకెళ్ళడం మంచిది, పరిశుభ్రతకు కూడా. కేబుళ్ళకు ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు టేపు చుట్టండి. కచేరీ అయ్యాక చీకట్లో సామాను సర్దేటప్పుడు ఎవరి వైరు ఎవరిదన్న పంచాయతీ ఉండదు. అదనంగా రెండు జాక్ కేబుళ్ళు, 9 వోల్టుల బ్యాటరీలు, గిటారును మైక్‌సెట్టుకు కలిపే చిన్న పెట్టె, అంటే డీఐ బాక్సు, ఒకటి తప్పనిసరి. స్పీకర్లలో 'గుఁయ్' మని మోత వస్తే డీఐ బాక్సు మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి. మోత పోతుందని ప్లగ్గులో ఎర్తుకు ఉండే మూడో పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. 230 వోల్టుల కరెంటుతో ఆ ఆట వద్దు.

నిర్వాహకులతో ఫోనులో ఎంత మాట్లాడుకున్నా, చివరికి ఒక్క సందేశంలో అన్నీ రాసి పంపండి: ఎంత ఇస్తారు, బయానా ఎంత, భోజనం, బస ఎవరివి, సౌండ్ చెక్ ఎన్నింటికి. ఆరుబయట కచేరీ అయితే పోలీసు అనుమతి వాళ్ళే తీసుకోవాలి. రాత్రి 10 తర్వాత మైకులు సాధారణంగా కుదరవు కాబట్టి, మీ మంచి పాటలను చివరికి దాచుకోకండి. 'ఒక్క సినిమా పాట' అని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పాడే ఉద్దేశం ఉంటే దాని లైసెన్సు ఎవరి బాధ్యతో కూడా అదే సందేశంలో రాయండి.

డబ్బు లెక్క సులువే. రానుపోను 700 కిలోమీటర్లు, బండి లీటరుకు పది ఇస్తే 70 లీటర్లు. ఆ రోజు డీజిల్ ధరతో హెచ్చవేసి, టోల్, బండి అద్దె, డ్రైవరు బత్తా, బస కలపండి. వచ్చే పారితోషికంలో ఇవి ముందు తీసేసి మిగిలింది సమానంగా పంచుకోవాలి. పాట రాసినవాడికి ఎక్కువ వాటా అన్న చర్చ బండిలో ఎప్పుడూ పెట్టకండి.

తిండి విషయంలో నేను కాస్త చాదస్తురాలినే. కచేరీకి ముందు బిర్యానీ వద్దు. అన్నవరం దాటేటప్పుడు సత్యనారాయణ స్వామి ప్రసాదం విస్తరాకు పొట్లాలు కొనుక్కోండి, గోధుమ నూక, బెల్లం, నెయ్యి, సాయంత్రం దాకా ఆకలి తెలియదు. రాజమహేంద్రవరం రోజ్ మిల్క్ గాయకులకు కచేరీ అయ్యాకే. ఆడవాళ్ళున్న బృందాలు ఆగేది పెద్ద పెట్రోలు బంకుల్లో అయితే నయం. లాడ్జి గదికి డబ్బు కట్టేముందు పైకి వెళ్ళి తలుపు గడియ ఒకసారి వేసి చూడండి.

మళ్ళీ డ్రైవరు దగ్గరికే వస్తాను. "బాబాయ్, నిద్ర వస్తోందా?" అని అడిగితే "లేదమ్మా, పర్లేదు" అనే అంటాడు. అడిగి లాభం లేదు, చూడాలి. ఏసీ ఉండగా కిటికీ అద్దం దించుతాడు, పాట శబ్దం పెంచుతాడు, మెడ వెనక చేత్తో రుద్దుకుంటాడు. ఈ మూడింట్లో రెండు కనబడితే తర్వాత వచ్చిన టీ కొట్టు దగ్గర బండి ఆపించండి. భోజనం ఆయనకే ముందు పెట్టించండి, మనం సౌండ్ చెక్ చేసే వేళకు ఆయన గదిలో పడుకుని ఉండాలి. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు నిద్రపోకూడదు. రెండు గంటలకోసారి ఆ సీటు మార్చుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు అనకాపల్లి దాటగానే నేను పుస్తకం తెరిచి ఖర్చులు పైకి చదువుతాను. సందేహాలుంటే అక్కడే అడగాలి. విశాఖలో ఎన్‌ఏడీ కొత్త రోడ్డు కూడలి చేరేసరికి ఎవరి వాటా వాళ్ళ ఫోనులో పడిపోవాలి. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో చోట దిగిపోతారు, సామాను దింపడానికి కనీసం ఇద్దరిని చివరిదాకా బండిలో ఉంచుకోండి.